వ్యానులో వచ్చినవాళ్ళు

ఆయన అసలు పేరు రేషను కార్డులోనూ పింఛను కాయితాల్లోనూ ఉంటుంది గానీ, మనుషుల నోట్లో మాత్రం గడియారం మాస్టారే. ముప్పై మూడేళ్ళు హైస్కూల్లో డ్రిల్లు చెప్పారు. చుట్టుపక్కల ఎక్కడ పరుగు పందెం జరిగినా గీత దగ్గర నిలబడేది ఆయనే. మెడలో నల్లతాడు, తాడుకు స్టీలు స్టాప్‌వాచీ. స్నానానికి వెళ్ళేటప్పుడు మాత్రం తీసి కిటికీ గట్టు మీద పెట్టేవారు. పోస్టాఫీసులో ఉత్తరాలు విడదీసే ఉద్యోగం చేసి రిటైరైన ఆయన భార్య దానికి ఏనాడో 'సవతి' అని పేరు పెట్టింది. ఇంటికి చుట్టాలొస్తే, "మా సవతిని చూశారా, ఎప్పుడూ ఆయన గుండెల మీదే ఉంటుంది" అని పరిచయం చేసేది. ఆవిడ నోటికి ఆ వీధిలో ఎదురులేదు.

మాస్టారి గురించి ఒక్క ముక్క చెప్పమంటే అందరూ బావమరిది కథే చెబుతారు. పోలీసు ఉద్యోగాల ఎంపికలో పరుగు పెట్టారు. గీత దగ్గర మాస్టారు, పరుగెత్తేవాళ్ళలో ఆవిడ తమ్ముడు. గడువు కంటే సెకనులో అయిదో వంతులు రెండు ఎక్కువైంది. బొటనవేలు రవ్వంత ముందు నొక్కితే కుర్రాడికి ఉద్యోగం వచ్చేది, ఎవరికీ తెలిసేదీ కాదు. ఆయన నొక్కలేదు. ఆ రోజు అత్తవారింట్లో ఆయన మొహం చూసినవాడు లేడు. బావమరిది రెండేళ్ళు మాట్లాడలేదు. ఆ ఇంట్లో ఆయన పక్కన నిలబడింది భార్య ఒక్కతే. "గడియారం ఎంతంటే అంతే. మావాడు ఇంకో రెండంగలు గట్టిగా వేసుండాల్సింది," అంది పుట్టింటివాళ్ళతో. తమ్ముడి మీద ప్రేమ లేక కాదు, ఆవిడకి ఉన్నమాట అనడం అలవాటు. కుర్రాడు తర్వాత బస్సు కంపెనీలో చేరి మాస్టారికంటే ముందే ఇల్లు కట్టుకున్నాడు, అది వేరే సంగతి.

రిటైరయ్యాక ఆయనకు చేతులు ఊరికే ఉండలేదు. ఆరోగ్య శాఖ వాళ్ళు అరవై దాటినవాళ్ళకి కాళ్ళలో బలం, నడకలో నిలకడ పెరగడానికి పన్నెండు వారాల వ్యాయామం తరగతి పెడుతున్నారనీ, టైము చూసేవాళ్ళు కావాలనీ తెలిసి జీతం లేకుండా చేరిపోయారు. గ్రంథాలయం పై అంతస్తులో పొడుగాటి హాలు. ఒక గోడకు కిటికీలు, ఇంకో గోడకు పట్టుకోవడానికి ఇనుప గొట్టం. నేల మీద నీలం టేపుతో రెండు గీతలు, మధ్య సరిగ్గా మూడు మీటర్లు. ఒక గీత మీద చేతులున్న చెక్క కుర్చీ.

పరీక్ష చూడ్డానికి పిల్లల ఆటలా ఉంటుంది. కుర్చీలో కూర్చోవాలి. మాస్టారు "ఊఁ" అనగానే లేచి, అవతలి గీత దాకా నడిచి, తిరిగి వచ్చి కూర్చోవాలి. వీపు కుర్చీకి ఆనగానే వాచీ ఆగుతుంది. పది సెకన్లలో వస్తే మంచి కాళ్ళని అర్థం. ఇరవై అయిదు దాటితే ఆ మనిషి ఇవాళో రేపో పడతాడని అర్థం. తరగతి మొదలుకాక ముందు ఒకసారి, పన్నెండు వారాల తర్వాత ఒకసారి చూసి, రెండు అంకెలూ పక్కపక్కన రాస్తే వ్యాయామం పని చేసిందో లేదో తేలుతుంది.

మొదటి రోజు నలభై మంది వచ్చారు. మాస్టారి భార్య కూడా వచ్చింది. ఇరవై రెండు సెకన్లు. "ముసలిదాన్ని పరుగు పందెంలో పెట్టాడు, కట్టుకున్న పాపానికి," అని గొణిగింది. ఆరు వారాలు ఆయనతో పాటే వెళ్ళింది. ఏడో వారం మోకాలు సలుపుతోందంది. తొమ్మిదో వారానికి ఆ మాట చెప్పడం కూడా మానేసింది. ఆయనా రమ్మనడం మానేశారు.

నిజానికి ఆయనకు తెలుసు. ముప్పై మూడేళ్ళు ఇతరుల కాళ్ళు చూసిన మనిషికి సొంత ఇంట్లో అడుగుల చప్పుడు తెలియదా? వంటగదిలోంచి వాకిట్లోకి రావడానికి పూర్వం ఎన్ని అడుగులో, ఇప్పుడెన్ని అడుగులో, మధ్యలో ఎక్కడ గోడ పట్టుకుంటోందో చెవులకు వినబడుతూనే ఉంది. వినబడినప్పుడల్లా పేపరు పెద్దగా చదువుకునేవారు.

పన్నెండు వారాలయ్యాక రెండోసారి పరీక్షకు వచ్చింది ఇరవై ఆరు మంది. రాని పద్నాలుగు మంది గడుల్లో మాస్టారు ఒక్కొక్క గీత పెట్టారు. పందేల లెక్కలో అది అలవాటు. పరుగు పూర్తి చేయనివాడికి టైము ఉండదు, అడ్డగీత ఉంటుంది. పద్నాలుగో గీత భార్య పేరు పక్కన. దానికి మిగతావాటికంటే ఎక్కువసేపు పట్టింది ఆయనకు.

రిజిస్టరు ఆరోగ్య శాఖ ఆఫీసుకు చేరింది. అక్కడ లెక్కలు చూసేది ఇంకా ముప్పై నిండని అమ్మాయి. చేతిలో ఎప్పుడూ సగం తాగిన టీ ఉంటుంది. ఆ వారం పని ఎక్కువై, రిజిస్టరు ఎక్కించే బాధ్యత పక్క సీటువాళ్ళకిచ్చింది. వాళ్ళకు గీత ఎలా ఎక్కించాలో తెలియక, అడగడానికి మొహమాటపడి, గీత ఉన్నచోటల్లా సున్నా కొట్టారు. కంప్యూటరుకు వెనకాముందూ తెలియదు, సున్నా అంటే సున్నా సెకన్లే అనుకుంది. మొదట సగటున పద్ధెనిమిది సెకన్లు పట్టిన నలభై మందికి ఇప్పుడు ఎనిమిది కూడా పట్టడం లేదని తేల్చింది.

ఆఫీసరు గారు ఉబ్బి తబ్బిబ్బయ్యారు. మంచి మనిషే, కాకపోతే మంచి వార్త మీద ఆయనకు మక్కువ ఎక్కువ. మాస్టారిని పిలిపించి టీ ఇప్పించి, కాయితం చేతిలో పెట్టారు. ఎక్కువ బాగుపడ్డవాళ్ళు పైన వచ్చేలా వరసగా వేసిన జాబితా అది. మాస్టారు కళ్ళజోడు సవరించుకుని మొదటి పేరు చూశారు. వడ్రంగి తాత. కిందటి నెలే పోయాడు. అంత్యక్రియలకు మాస్టారు కూడా వెళ్ళొచ్చారు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు, ఇక్కడ కాళ్ళు కూడా కలిశాయి. నలభై సెకన్లలో కుర్చీ చుట్టూ కూడా తిరగలేని ముసలాయన ఇప్పుడు రెప్పపాటు కూడా పట్టకుండా వెళ్ళొస్తున్నాడు. మాస్టారికి నవ్వు వచ్చింది, వెంటనే కళ్ళు చెమర్చాయి. వరసలో ఆరో పేరు ఆయన భార్యది.

ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. "అయితే మీ చేతి మీదుగా నాకు బహుమతి రావాలంటే, నేను కదలకుండా కూర్చుంటే చాలన్నమాట," అంది.

మర్నాడు లెక్కల అమ్మాయి తప్పు పట్టుకుంది. సిగ్గుతో మొహం కందిపోయి హాలుకే వచ్చి క్షమించమంది. మాస్టారిని వెంటబెట్టుకుని ఆఫీసుకెళ్ళి, సున్నాలు తీసేసి మళ్ళీ వేసింది. ఆఫీసరు గారు అప్పటికే కొత్త లెక్క నోటికి నేర్చుకున్నారు. మొదట పద్ధెనిమిది, ఇప్పుడు పన్నెండు, ఆరు సెకన్ల లాభం అని. అమ్మాయి అదీ ఒప్పుకోలేదు. పద్ధెనిమిది అన్నది నలభై మంది సగటు, పన్నెండు అన్నది వచ్చిన ఇరవై ఆరు మంది సగటు. వాళ్ళు వేరు, వీళ్ళు వేరు. ఆ ఇరవై ఆరు మందినే తీసుకుంటే మొదట కూడా వాళ్ళకు పదహారే పట్టింది. కాబట్టి లాభం నాలుగే. ఆఫీసరు గారు నిట్టూర్చి నాలుగైనా చాలన్నారు.

ఆయన తొందరకు కారణం ఉంది. వ్యాయామం చెప్పే టీచర్లు ఇద్దరున్నారు. ఫలితం బాగుందని శుక్రవారం పై ఆఫీసుకు రాసి పంపితే, ఒక టీచరును అవతలి పేటకు పంపి అక్కడ కొత్త హాలు తెరవొచ్చు. దాంట్లో చెడేమీ లేదు. మాస్టారూ తలూపి లేవబోయారు. అప్పుడే ఆయనకు వ్యాను గుర్తొచ్చింది.

ఎప్పటి మాటో. స్కూల్లో ఏటా పది కిలోమీటర్ల పరుగు పెట్టేవారు. దారిలో ఆగిపోయినవాళ్ళను ఏరుకు రావడానికి వెనకాల ఒక వ్యాను వెళ్ళేది. ఒక ఏడు ఎండ మండిపోయింది. నలభై ఏడు మంది బయల్దేరితే గీత దాటింది పంతొమ్మిది మందే. సగటు టైము మాత్రం కిందటేటికంటే రెండు నిమిషాలు తగ్గింది. హెడ్మాస్టరు వేదికెక్కి పిల్లల కాళ్ళలో వేగం పెరిగిందని ప్రకటించి, మాస్టారికి శాలువా కప్పారు. చప్పట్లు ఆగాక వ్యాను డ్రైవరు మాస్టారి చెవి దగ్గరకొచ్చి, "మరి నా వ్యానులో వచ్చినవాళ్ళను కలిపారాండీ?" అని అడిగాడు. అడిగింది అమాయకంగానే. ఆ శాలువా మాస్టారు ఒక్కసారి కూడా కప్పుకోలేదు.

ఆయన మళ్ళీ కూర్చుని ఆ కథ చెప్పారు. లెక్కల అమ్మాయి టీ పక్కన పెట్టి విన్నది. విని, రిజిస్టరు తిరగేసి ఒక సంగతి చూపించింది. రాని పద్నాలుగు మందికి మొదటిరోజే సగటున ఇరవై రెండు సెకన్ల దాకా పట్టింది. అంటే వాళ్ళు ఏదో గాలివాటుగా తప్పిపోయినవాళ్ళు కారు, మొదట్నుంచీ వెనకబడ్డవాళ్ళు.

"ఊరెళ్ళి రాలేకపోయినవాళ్ళయితే ఫరవాలేదు మాస్టారూ," అంది. "వాళ్ళూ మిగతావాళ్ళలాగే ఉంటారనుకోవచ్చు. కాళ్ళు పనిచేయకే రాలేదంటే మాత్రం, ఆ గీత ఖాళీ కాదు. మనకు గిట్టని అంకె దాని కింద ఉందన్నమాట."

మాస్టారి చూపు పద్నాలుగో గీత మీదికి వెళ్ళింది.

అయితే ఏం చేయాలని ఆఫీసరు గారు అడిగారు. పద్నాలుగు మంది ఇళ్ళకూ వెళ్ళి చూసి రావాలనీ, ఎందుకు రాలేదో రాసుకోవాలనీ అమ్మాయి చెప్పింది. ఆయన కాసేపు పెన్ను తిప్పుతూ కూర్చుని, సరే, శుక్రవారం దాకా గడువన్నారు. ఇంకో మాట కూడా అన్నారు, దాన్ని మాస్టారు ఆ వారమంతా మోశారు. ఇరవై అయిదు దాటినవాళ్ళు తగినంతమంది తేలితే కొత్త హాలు పక్కన పెట్టి, ఆ టీచరును వాళ్ళ ఇళ్ళకే పంపి వ్యాయామం చేయించొచ్చట. కాకపోతే కాయితం మీద అంకె ఉండాలి. అంకె లేని ఇంటికి మనిషిని పంపే వీల్లేదు.

మర్నాటి నుంచి మాస్టారు హాలులోని కుర్చీని ఆటో వెనక కట్టించుకుని తిరిగారు. ఎవరింటి కుర్చీ వాళ్ళింట్లోనే ఉంటుంది కదా అని అమ్మాయి అంటే, ఎత్తు మారితే లేవడం మారుతుంది, లేవడం మారితే టైము మారుతుంది, అదే కుర్చీ కావాల్సిందేనని పట్టుబట్టారు. వీధిలోవాళ్ళకు వేళాకోళం దొరికింది. మాస్టారు ఎవరింటికెళ్ళినా కూర్చోమనరని భయపడి కుర్చీ వెంట తెచ్చుకుంటున్నారన్నారు. ఆయన సంచిలో మూడు మీటర్ల తాడు, సుద్దముక్క, రిజిస్టరు. కారణం రాయడానికి రిజిస్టరు చివర కొత్తగా ఒక గడి గీసుకున్నారు.

మొదటి మూడిళ్ళూ సంతోషమే. దర్జీ ఆయన కాళ్ళు బాగుపడ్డాక కొట్టు తెరిచేసి తీరిక లేక రాలేదట. నోట్లో సూది అలాగే ఉంచుకుని తొమ్మిది సెకన్లలో వెళ్ళొచ్చి, మళ్ళీ మిషను తొక్కుకున్నాడు. ఇంకో ఇద్దరూ అంతే, బాగుపడి మానేసినవాళ్ళు. రానివాళ్ళంతా చెడిపోయినవాళ్ళేనని అనుకోవడమూ తప్పేనని అమ్మాయి ఉత్సాహంగా రాసుకుంది. మాస్టారి మనసూ తేలికపడింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, భార్య పేరు పక్కన గడి గుర్తొచ్చినా, ఇంకా చాలా మిగిలాయి కదా అనుకున్నారు.

తర్వాతి ఇళ్ళు వేరు. మూడంతస్తుల మెట్లు దిగలేక మానేసిన ఒకప్పటి బడి పంతులమ్మ. రోడ్డు దాటుతుండగా పడి, అప్పట్నుంచి గడప దాటని బట్టల కొట్టాయన. ఇంకొకాయనకు కొడుకు తోడు రావాలి, కొడుక్కి షిఫ్టు మారింది. ఒకావిడ తరగతిలో అందరి ముందూ తూలిపోయి సిగ్గుతో మళ్ళీ రాలేదు. ఆవిడ మాస్టారిని చూసి, మీరు నవ్వలేదు గానీ వెనకవాళ్ళు నవ్వారండీ అంది. అలాంటివాళ్ళు ఆరుగురు. ముప్పై, ఇరవై ఎనిమిది, ముప్పై మూడు. ఇన్నాళ్ళూ హాలులో చప్పట్లు కొట్టించుకుంటూ, ఈ వ్యాను ఒకటి వెనకాల తిరుగుతోందని మాస్టారు అనుకోలేదు.

ఇద్దరు పరాయి ఊళ్ళో కూతుళ్ళ దగ్గరకు వెళ్ళిపోయారు. ఒకాయన తలుపు సందులోంచే, మీ గడియారానికో దణ్ణం, వెళ్ళిరండన్నాడు. వడ్రంగి తాత పేరు పక్కన అమ్మాయి ఏ అంకే రాయలేదు. పోయినవాళ్ళకు మనం అంకె కల్పించకూడదు మాస్టారూ, పోయారని రాసి విడిగా చెప్పాలంది.

గురువారం మధ్యాహ్నం హాలులో కూర్చుని ఆమె లెక్క వేసింది. నాలుగు సెకన్ల లాభం కాస్తా రెండున్నరకు దిగింది. ఊరెళ్ళినవాళ్ళనీ తలుపు వేసినాయన్నీ ఎంత అధ్వానంగా ఉన్నారనుకుని వేసినా, సెకను పైచిలుకు లాభం నిలబడుతోంది. అంటే వ్యాయామం పని చేస్తోంది, రాగలిగినవాళ్ళకి. అంతా అయ్యాక పెన్ను చివరి వరస మీద ఆపింది.

"ఇంకొకరున్నారు మాస్టారూ," అంది తలెత్తకుండా. ఆ గడిలో అడ్డగీత, కారణం గడిలో మాస్టారి గుండ్రటి దస్తూరీ. 'మోకాలు నొప్పి. తగ్గగానే వస్తుంది.'

ఆయన ఏవో చెప్పారు. ఇంట్లో మనిషే కదా, తనకు తెలుసు కదా, ఒక్క అంకె వల్ల మునిగేదేముందని. అమ్మాయి వాదించలేదు. కావాలంటే తను వచ్చి చూస్తానంది. వద్దని, రిజిస్టరు సంచిలో పెట్టుకుని ఆయన ఇంటికి నడిచారు. దీపం కింద చీకటంటే ఏమిటో పిల్లలకు ఎన్నిసార్లు చెప్పారో. ఆ చీకట్లో తనే కూర్చున్నానని తెలిసీ లేవలేకపోయారు. కుర్చీ మాత్రం అలవాటుగా ఆటోలో ఇంటికొచ్చింది.

ఆయన చేతులూ కాళ్ళూ కడుక్కుని వచ్చేసరికి భార్య రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని చదువుతోంది. ఉత్తరాలు విడదీసిన కళ్ళు, తప్పుచోట పడ్డ చీటీని పట్టుకోకుండా ఉండవు. పద్నాలుగు కారణాలూ చదివింది. ఆఖరిదాని మీద వేలు పెట్టి ఉంచింది.

"ఇది అబద్ధం," అంది.

"నువ్వే కదా మోకాలన్నావు."

"అన్నాను. పడ్డానని చెప్పలేక అన్నాను." గొంతు మామూలుగానే ఉంది. "రెండుసార్లు పడ్డాను. ఒకసారి గ్రంథాలయం మెట్ల మీద, మీరు ముందు వెళ్ళిపోయారు. ఇంకోసారి స్నానాల గదిలో, మీరు హాలులో అందరికీ టైము చూస్తున్నారు. లేవడానికి చాలాసేపు పట్టింది. ఎంతసేపో మాత్రం అడక్కండి, నా దగ్గర వాచీ లేదు."

మాస్టారు పక్కనున్న బల్ల అంచు పట్టుకుని కూర్చున్నారు. ఆయనకు ఏడుపొచ్చింది, ఆవిడ ముందు ఏడవడం చేతకాక చేతులు తుడుచుకున్న తువ్వాలుతోనే మళ్ళీ చేతులు తుడుచుకున్నారు. ఎందుకు చెప్పలేదని అడగలేకపోయారు. చెప్పకపోవడానికి ఆవిడకు ఒక కారణముంటుంది, ఏడో వారం నుంచీ అడగకపోవడానికి తనకు ఏ కారణమూ లేదు. ఆ కారణమేమిటో ఆవిడే చెప్పేసింది. ముప్పై మూడేళ్ళు ఊరందరి కాళ్ళూ మెచ్చుకున్న మనిషి, తన కాళ్ళను చూసి జాలిపడితే భరించలేననిపించిందట. అందుకే రాలేదట.

తర్వాత ఆవిడ రిజిస్టరు మూసి, "ఆ కుర్చీ ఎలాగూ వచ్చింది కదా, తాడు పరవండి," అంది.

ముందుగదిలో సామాను పక్కకు జరిపారు. మాస్టారు సుద్దతో గీత గీశారు. గీత వంకరపోయింది, చెరిపి మళ్ళీ గీశారు. ఆవిడ కుర్చీలో కూర్చుని చీర కుచ్చెళ్ళు సర్దుకుంది. ఆయన నోరు తెరిచారు గానీ "ఊఁ" రాలేదు. ఆవిడే "ఊఁ అనండి మరి," అంది.

రెండుసార్లు ప్రయత్నించి మూడోసారి లేచింది. అప్పటికే ఆరు సెకన్లు. అడుగు తీసి అడుగు వేస్తోంది, పాదాలు నేలను రాసుకుంటున్నాయి. అవతలి గీత దగ్గర తిరగడానికి గోడ కోసం చేయి చాపింది, గోడ అందలేదు. మాస్టారు ఒక అడుగు ముందుకేశారు. ఆవిడ తల అడ్డంగా ఊపింది, ఆయన ఆగిపోయారు. వాచీ చప్పుడు ఆ ఇంట్లో ఎన్నడూ అంత పెద్దగా వినబడలేదు. తిరిగి వస్తున్నప్పుడు ఇరవై నాలుగు దాటింది, ఇరవై ఎనిమిది దాటింది. బొటనవేలు తనంతట తానే నొక్కబోయింది. బావమరిది విషయంలో కదలని వేలు అది. ఆయన దాన్ని ఎడమచేత్తో పట్టుకుని ఆపారు. ఆవిడ వీపు కుర్చీకి ఆనింది, వాచీ ఆగింది.

ఆయాసం తీరాక, "ఎంత?" అని అడిగింది.

ఆవిడ చేయి చాపితే వాచీ మెడలోంచి తీసి చేతిలో పెట్టారు. పెళ్ళయ్యాక దాన్ని ఆవిడ చేతికివ్వడం అదే మొదలు. కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసుకుంది.

"ముప్పై నాలుగు. రాయండి," అంది. "గడియారం ఎంతంటే అంతే."

ఆయన రాశారు. అడ్డగీత సిరాతో పెట్టింది, చెరగదు. దాని పక్కనే రాశారు. కారణం గడిలో పాత మాట కొట్టేస్తే, ఆవిడ చెప్పింది, ఆయన రాశారు. 'రెండుసార్లు పడింది. ఇంట్లో చెప్పలేదు.' ఆవిడ నీళ్ళు తాగుతుండగా దాని కింద ఆయనే ఇంకో రెండు మాటలు చేర్చారు.

శుక్రవారం లాభం రెండు సెకన్లకు తగ్గింది. ఆఫీసరు గారు ఆ అంకె మీద ఎక్కువసేపు ఆగలేదు. కారణాల గడి చదవడం మొదలుపెట్టారు, ఒక్కొక్కటీ పైకే చదివారు. మెట్లు, రోడ్డు, షిఫ్టు, సిగ్గు. చివరి వరసకొచ్చి, 'రెండుసార్లు పడింది. ఇంట్లో చెప్పలేదు,' అని చదివి, కింది మాటలు కూడా చదివారు. 'ఇంట్లో అడగలేదు.'

"ఇదేమిటి మాస్టారూ, ఇది ఎవరు చెప్పారు?"

"ఆ ఇంటాయన చెప్పాడండీ," అన్నారు మాస్టారు.

ఆఫీసరు గారు పేరు చూశారు, మాస్టారి మొహం చూశారు. ఇరవై అయిదు దాటిన ఏడుగురి ఇళ్ళకూ వారానికి రెండుసార్లు టీచరును పంపాలని రాసి సంతకం చేశారు. అవతలి పేట హాలు వచ్చే ఏడు చూద్దామన్నారు. పై ఆఫీసుకు వెళ్ళిన కాయితంలో మొదటి వాక్యం ఎంతమంది బాగుపడ్డారన్నది కాదు, ఎంతమంది రాలేకపోయారన్నది. ఆ వాక్యం లెక్కల అమ్మాయి రాసింది. టీ పూర్తిగా తాగేసిందట ఆ రోజు.

సోమవారం పొద్దున్నే టీచరు వచ్చింది. కుర్చీలోంచి లేవడం దగ్గర్నుంచి మొదలుపెట్టింది. గుమ్మం దాకా నడవమన్నప్పుడు మాస్టారు అలవాటు చొప్పున గుమ్మం దగ్గరకెళ్ళి, వాచీ పట్టుకుని నిలబడ్డారు. భార్య కుర్చీలోంచి ఆయన వంక చూసింది.

"అక్కడెందుకు నిలబడ్డారు? పందెమా ఇది? ఇటు రండి."

ఆయన వాచీ తీసి కిటికీ గట్టు మీద పెట్టారు. వచ్చి ఆవిడ పక్కన నిలబడ్డారు. ఆవిడ లేచి ఆయన చేయి పట్టుకుంది. ఇద్దరూ గుమ్మం దాకా వెళ్ళి వచ్చారు. ఎంతసేపు పట్టిందని ఆవిడ అడిగితే, చూడలేదన్నారు.